పద్నాలుగంగుళాల ఫ్రేము

కాప్రా చెరువు కట్ట మీద నలుగురి ముందూ సైకిలుతో సహా పడిపోయిన భానుప్రియను కిందటి వారం అక్కడే వదిలి వచ్చాం. మోకాలు చీరుకుపోయినా ఆమె వెంటనే లేచి, ఏమీ కాలేదని నవ్వింది. సైకిలు ముందు చక్రం మాత్రం రిమ్ము వంకరపోయి తిరగనని మొరాయించింది.

బేగంపేటలోని ఆమె ఆఫీసు నుంచి నలుగురు ఫిబ్రవరిలో స్పితి లోయకు వెళ్తున్నారు. గడ్డకట్టిన దారి మీద ఎనిమిది రోజుల సైకిలు ప్రయాణం. ఆ నలుగురిలో ఆడపిల్ల భానుప్రియ ఒక్కతే. జట్టుకు పెద్ద, ఆమె పైఅధికారి కూడా అయిన వరహాలబాబు అందరికీ లావు టైర్ల సైకిళ్లు తెప్పించాడు. ఫ్యాట్ బైకులంటారు వాటిని. భానుప్రియకు వచ్చింది ఆమెకు పెద్దదని కట్ట మీద పడ్డ రోజున అందరికీ తెలిసిపోయింది. కొలతలు చూసుకోకుండా ఎలా తెప్పించారని మిగతా ఇద్దరూ వరహాలబాబును నిలదీశారు. ఆయన కాదనలేదు. తనదే పొరపాటని, దీనితోనే సర్దుకుంటానన్న ఆమెను అక్కడికక్కడే క్షమించమని అడిగాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి భానుప్రియకు అన్నం సహించడం లేదు. అది ఆయన పొరపాటు కాదని ఆమెకు తెలుసు. ఆమెకు ఒక్కదానికే తెలుసు.

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు ఆమె రాణిగంజ్‌లో బస్సు దిగింది. మెట్రో స్తంభాల కోసం తవ్విన గోతుల పక్క నుంచి, రేకుల అడ్డుగోడల మధ్య నుంచి నడిచి వెనక సందులోకి తిరిగింది. డిసెంబరు చలికి దుకాణాల వాళ్లు మంకీ క్యాపులు తీయకుండానే షట్టర్లు ఎత్తుతున్నారు. దయాకర్ సైకిల్ షాపు అప్పటికే తెరిచి ఉంది. ఆమె సైకిలు గుమ్మంలో, ముందు చక్రం తిన్నగా, తుడిచి పెట్టినట్టుంది.

దయాకర్‌కు నలభై ఎనిమిదేళ్లుంటాయి. పదిహేనేళ్లు సైన్యంలో బండ్లు బాగు చేసి, అందులో రెండు చలికాలాలు లేహ్‌లో గడిపి, తిరిగొచ్చాక తండ్రి పెట్టిన ఈ షాపులో కూర్చున్నాడు. లెక్కకు మించి మాట్లాడే మనిషి కాదు. భానుప్రియ హ్యాండిలు మీద చెయ్యి వేయగానే ఆయన వచ్చి సీటు మీద చెయ్యి వేశాడు.

"చక్రం మంచిగైంది చెల్లె. కానీ ఈ బండి నీకు ఇయ్య" అన్నాడు.

పరాచికమనుకుని ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. రేపు ఉదయమే ప్రాక్టీసుందనీ, సోమవారం సాయంత్రంలోగా ఎవరు ఏ సైకిలు మీద వస్తున్నారో మనాలీలో ఏర్పాట్లు చూసేవాళ్లకు పంపాలనీ ఆమె వివరించింది. అది ఆఫీసు సైకిలని, ఆపే హక్కు ఆయనకు లేదని కూడా చెప్పింది. ఆఫీసు వాళ్లే వస్తే వాళ్ల చేతిలో పెడతానని, ఆమె చేతిలో మాత్రం పెట్టనని దయాకర్ జవాబు.

"రిమ్ము వంకరపోయిన తీరు చూసిన. రాయి తగిలితే గట్ల పోదు. నువ్వు బండి ఆపి దిగబోయినవు. కాలు అందలే. బండి నీ మీదికొచ్చింది. అవునా కాదా?"

సైకిలు పెద్దదని చూసిన వాళ్లు కూడా ఆ రోజు కట్ట మీద పట్టుకోలేని సంగతి ఇది. గతుకులో పడ్డానని అందరికీ చెప్పింది. ఆమె హ్యాండిలు మీది చెయ్యి తీసేసింది.

దయాకర్ సైకిలును షాపు మధ్యకు తెచ్చి నిటారుగా పట్టుకున్నాడు. రాడ్డుకు అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడమన్నాడు. భానుప్రియ అలవాటుగా సైకిలును ఎడమ పక్కకు కాస్త వంచి కాలు అటు వేసింది. వంచొద్దని ఆయన తిన్నగా పట్టుకున్నాడు. అప్పుడామె రెండు మడమలూ నేల మీది నుంచి లేచాయి. బూట్ల ముందు అంచుల మీద నిలబడింది. రాడ్డు ఒత్తుకుంటుంటే ముఖంలో కనబడనీయకుండా ఉండడానికి ఆమె గోడ మీది క్యాలెండరు వైపు చూసింది.

లోపలి గదిలో కూరగాయలు తరుగుతున్న భార్యను దయాకర్ పిలిచాడు. కల్పలత చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కొలతలు తీయడం ఆమె పని. ఆడవాళ్లు, పిల్లలు వస్తే దయాకర్ టేపు ముట్టుకోడు. ఆమె భానుప్రియను పరదా అవతలికి తీసుకుపోయి, బూట్లు విప్పించి, గోడకు ఆనుకుని నిలబెట్టింది. అట్ట గట్టిగా ఉన్న ఒక పెద్ద పుస్తకాన్ని కాళ్ల మధ్య నిలువుగా పెట్టి, సీటు ఆనినట్టు పైకి నొక్కి పట్టుకోమంది. పుస్తకం పై అంచు దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి నేల నుంచి టేపు పట్టింది. ఇరవై ఏడంగుళాలు. పనిలో పనిగా నెత్తి మీద స్కేలు ఆనించి ఇంకో గీత గీసింది. నాలుగడుగుల పది.

"నాకంటే ఒక్క అంగుళమే పొట్టి" అంది కల్పలత, ఏదో చుట్టరికం కలిసినట్టు.

భానుప్రియ బూట్లు వేసుకుని బయటికొచ్చేసరికి దయాకర్ సీటు కింద వేలాడుతున్న చిన్న అట్టముక్కను వెలుతురుకు పట్టి చదువుతున్నాడు. సైకిలు పంపిన కంపెనీ కట్టిన చీటీ అది. పేరు, ఫ్రేము పదహారంగుళాలు, ఎక్కే మనిషి ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. ఆయన ఆ చీటీనీ, భార్య రాసిచ్చిన కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"ఇది ఎవరు రాసిండ్రు?"

ఆఫీసులో ఎవరో రాసి ఉంటారంది భానుప్రియ. దయాకర్ చీటీని చొక్కా జేబులో వేసుకుని, బండ్లు తోలే రియాజ్‌కు ఫోన్ చేసి ట్రాలీ ఆటో తెమ్మన్నాడు. భానుప్రియ ఎక్కడికని అడిగింది. మంచు దొరికే చోటికని చెప్పాడు.

ఆ చోటు బొల్లారం పోయే దారిలో ఉన్న ఇసుక అడ్డా. తెల్లవారుజామున వచ్చిన లారీలు వరుసగా ఆగి ఉన్నాయి. వెనక ఖాళీ జాగాలో ఇసుక పోసి ఉంది. పైపొర రాత్రి మంచుకు తడిసి గట్టిగా ఉంది. అడుగు పెడితే లోపల పొడి ఇసుకలోకి దిగబడుతుంది. దయాకర్ ట్రాలీలోంచి మూడు సైకిళ్లు దింపాడు. ఒకటి ఆమెది. రెండోది పిల్లల కోసం చేసిన ఫ్యాట్ బైకు, చక్రాలు ఇరవై నాలుగంగుళాలవి. మూడోది ముదురాకుపచ్చ రంగుది. చక్రాలు మొదటి దానిలాగే ఇరవై ఆరంగుళాలవే, టైర్లూ అంతే లావు. రాడ్డు మాత్రం హ్యాండిలు దగ్గర మొదలై సీటు దాకా బాగా కిందికి వాలి ఉంది. ఆరు నెలల కింద తెప్పించాడట. ఎక్కినవాళ్లు లేరు.

భానుప్రియ ఆ రెంటి వైపూ చూడలేదు. చిన్నప్పటి నుంచీ ఆమెకు అన్నీ పిల్లల సెక్షన్‌లోనే దొరికేవి. మొదటి ఉద్యోగానికి వేసుకెళ్లిన బూట్ల లోపల పిల్లల కోసం వేసిన చేప బొమ్మ ఉండేది. బస్సులో కండక్టరు ఇప్పటికీ ఒక్కోసారి హాఫ్ టికెట్ చింపబోయి ఆమె ముఖం చూసి ఆగుతాడు. ఎక్కితే తన సైకిలే ఎక్కుతానంది.

"ఎక్కు" అన్నాడు దయాకర్. టైర్లలోంచి గాలి సగానికి పైగా తీసేశాడు. వేలితో నొక్కితే టైరు లోపలికి పోతోంది. మంచులో ఇంతే ఉండాలన్నాడు. ఇసుక మధ్య దాకా తొక్కి, అక్కడ ఆగి, కాలు కింద పెట్టి, మళ్లీ తొక్కుతూ అవతలికి పోవాలి. అంతే పరీక్ష.

మధ్య దాకా ఆమె బాగానే వెళ్లింది. కాళ్లలో బలం లేకపోవడమన్నది ఆమె విషయంలో ఎప్పుడూ లేదు. ఆగి, సైకిలును వంచి, ఎడమ కాలు దించింది. కాలు ఇసుకను తాకి అక్కడ ఆగలేదు. చీలమండ దాటి దిగింది. ఆ నాలుగంగుళాల తేడాకు రాడ్డు వచ్చి తగిలింది. ఊపిరి ఆగినట్టయి ఆమె హ్యాండిలు వదిలేసింది. పదిహేడు కిలోల సైకిలు నలభై నాలుగు కిలోల మనిషి మీద పడింది. టీ తాగుతున్న డ్రైవర్లు గ్లాసులు పట్టుకునే ఇటు తిరిగారు.

భానుప్రియ సైకిలు కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చి, ఇసుక దులుపుకుని, ఏమీ కాలేదని నవ్వింది.

"నవ్వకు చెల్లె" అన్నాడు దయాకర్. "నొస్తే నొచ్చిందను. నాకు పని సులువైతది."

ఆమె నవ్వు అక్కడితో ఆగిపోయింది. నొచ్చిందని చెప్పింది. చాలా నొచ్చిందని మళ్లీ చెప్పింది. చెప్పాక కళ్లలో నీళ్లు తిరిగాయి. దయాకర్ వాటి వైపు చూడకుండా సైకిలు లేపి పక్కన పెట్టాడు. రోడ్డు మీద ఆగితే కాలు ఎక్కడ ఆనుతుందో మనిషికి ముందే తెలుస్తుందని, మంచులో తెలియదని, కాలును అది లోపలికి లాక్కుంటుందని చెప్పాడు. అందుకే మామూలు దారి మీద రాడ్డుకూ మనిషికీ మధ్య రెండు వేళ్ల జాగా చాలినా, మంచులో బెత్తెడైనా కావాలి. ఆమెకు ఉన్న జాగా సున్నా కంటే తక్కువ.

రెండో సైకిలు ఎక్కితే ప్రాణం లేచొచ్చింది. కాళ్లు రెండూ నిండుగా కిందికి ఆనాయి. ఇసుకలో ఆగినా రాడ్డు తగలలేదు. ఇది చాలు, ఇదే ఇవ్వమంది. ఇందాక దీని వైపు చూడనే చూడనిది ఇప్పుడు దీన్ని వదలనంటోంది. దయాకర్ ఒక సంచిలో ఇసుక నింపి వెనక క్యారియరుకు కట్టాడు. పది కిలోలుంటుంది. పడుకునే సంచి, ఉన్ని బట్టలు, తిండి, ఆపాటి బరువు మోయక తప్పదన్నాడు. ఈసారి ఆమె తొక్కబోతే మోకాళ్లు హ్యాండిలుకు తగిలాయి. వెనక చక్రం ఇసుకను కోసుకుంటూ దిగబడి, పది గజాలు పోకముందే ఆగిపోయింది. ఎత్తు ఒకటి సరిపోతే చాలదని, పిల్లలకు చేసింది పిల్లల బరువుకే చేస్తారని ఆయన అన్నాడు.

మూడోది మిగిలింది. దాని ముందు నిలబడితే చక్రాలు మరీ పెద్దవిగా కనిపించాయి. సంచి దీనికి మార్చి కట్టాక భానుప్రియ రాడ్డు మీదుగా కాలు వేసింది. వంచలేదు. వంచాల్సిన పని లేకపోయింది. పెడలు తొక్కుతూ మలుపు తిప్పబోతే బూటు కొస ముందు టైరుకు తగిలి తూలింది. చూసిన డ్రైవరొకడు అయ్యో అన్నాడు. దయాకర్ వచ్చి పెడలు ఉన్న ఇనుప కమ్మీని చూపించాడు. ఇది పెద్ద మనుషుల కాళ్ల పొడవుకు వేసిందని, షాపుకు పోయాక పొట్టిది వేస్తానని, అప్పుడు బూటు తగలదని, తొక్కినప్పుడు మోకాలు ఛాతీ దాకా లేవదని చెప్పాడు. ప్రస్తుతానికి తిన్నగా పొమ్మన్నాడు.

ఆమె తిన్నగా వెళ్లింది. ఇసుక మధ్యలో ఆగింది. ఎడమ కాలు దించింది. చీలమండ దాకా దిగింది. రెండో కాలూ దించింది. రాడ్డు ఎక్కడా తగలలేదు. రెండు చేతులూ హ్యాండిలు మీద, రెండు కాళ్లూ ఇసుకలో, సంచి బరువు వెనక, సైకిలు నిటారుగా. ఆమె అలాగే నిలబడింది. చేయాల్సింది ఏమీ లేదు. పడిపోకుండా ఉండడం కోసం ఒళ్లంతా బిగబట్టనక్కర్లేకుండా సైకిలు మీద ఆగడం ఆమెకు ఇదే మొదటిసారి. ఎంతసేపు అలా నిలబడిందో ఆమెకు తెలియదు. దయాకర్ పిలవలేదు. తర్వాత పెడలు మీద కాలు వేసి, అవతలి దాకా తొక్కి, తిరిగొచ్చి ఆయన ముందు ఆపింది.

"చీటీలోని ఆ ఎత్తు ఫారంలో నేనే రాసిచ్చానన్నా."

దయాకర్ తల ఊపాడు. తెలుసన్నట్టుగానూ ఊపలేదు, తెలియనట్టుగానూ ఊపలేదు. ఇసుక మీద కూర్చుని పక్కన జాగా చూపించాడు.

అప్పుడామె ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. డిగ్రీ అయ్యాక విజయనగరంలో ఎస్సై ఉద్యోగం ఎంపికకు వెళ్లింది. రాతపరీక్షలో మంచి మార్కులు. పరుగులో తన వరుసలో రెండోది. చివరికి ఎత్తు కొలిచే కర్ర కింద నిలబెట్టారు. కొలిచినామె మంచిదే, రెండుసార్లు కొలిచింది. రెండుసార్లూ తల కర్ర మీది గీత దాకా చేరలేదు. వరుసలోంచి పక్కకు రమ్మన్నారు. ఆ మైదానం చివర నుంచి గేటు దాకా వరుసలో ఉన్న రెండొందల మంది చూస్తుండగా నడిచింది. గేటు బయట నాన్న పైడిబాబు నిలబడి ఉన్నాడు. ఏమైందని ఆయన అడగలేదు. ఆ తర్వాత హైదరాబాద్ వచ్చి కంప్యూటర్ కోర్సు చేసి ఉద్యోగం తెచ్చుకుంది. ఆఫీసులో స్పితి ఫారం వచ్చినప్పుడు ఎత్తు అని ఉన్న గడి దగ్గర చెయ్యి ఆగింది. ఇంత ఉండాలని ఎవరూ అడగలేదు. గీత ఏదీ లేదు. అయినా ఐదడుగుల ఒకటి అని రాసింది. రాయడానికి రెండు క్షణాలు పట్టింది.

దయాకర్ లేహ్‌లో తనతోపాటు ఉన్న ఒక జవాను గురించి చెప్పాడు. స్టోరులో బూట్లు ఇచ్చేటప్పుడు వాడు కాలి నంబరు ఒకటి తగ్గించి చెప్పాడట. పెద్ద పాదాలని తోటివాళ్లు వెక్కిరిస్తారని. పైకి పోయాక వేళ్లు మొద్దుబారాయి. చెప్పడానికి సిగ్గుపడి ఇంకో రోజు నడిచాడు. మూడో రోజు నడవలేకపోయాడు. వాడిని వదిలి పోలేక వెంట ఉన్న ముగ్గురూ ఆ చలిలో ఒక రాత్రి ఆగిపోవలసి వచ్చింది.

"వాని వేళ్లు పోయినయ్. గది వాని బాధ. ఆ ముగ్గుర్ల ఒకణ్ని నేను" అన్నాడు దయాకర్. "నువ్వు ఆగితే నువ్వొక్కదానివే ఆగవు చెల్లె. గది యాదిపెట్టుకో. ఇగ ఇది నాకు గాదు, మీ సార్‌కు చెప్పాలె."

అక్కడి నుంచే ఫోన్ చేస్తానంది భానుప్రియ. షాపు దాకా పోతే ధైర్యం చాలదని భయం వేసింది. లారీల చప్పుడుకు దూరంగా గోడ వారకు పోయి వరహాలబాబు నంబరు నొక్కింది. ఆయన వెంటనే ఎత్తాడు. మోకాలెలా ఉందని అడిగాడు. 

"సార్, ఫారంలో నా ఎత్తు నేను తప్పు రాశాను. మూడంగుళాలు ఎక్కువ వేశాను. సైకిలు పెద్దది రావడంలో మీ తప్పు ఏమీ లేదు. అందరూ మిమ్మల్ని అంటుంటే విని ఊరుకున్నాను."

 ఇంకా లైనులో ఉన్నాడా లేదా అని ఆమె ఫోను తీసి చూసుకుంది. ఉన్నాడు.

"ఎక్కడున్నావమ్మా ఇప్పుడు?" అన్నాడు చివరికి. చెప్పింది. పావుగంటలో రాణిగంజ్ షాపుకు చేరుకుంటామంది. తానూ అక్కడికే వస్తున్నానన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది ఆమెకు. పెట్టేసే ముందు ఒక మాట అన్నాడు.

"నేనొచ్చేదాకా ఏ సైకిలూ ఖాయం చేసేయకమ్మా."

ఎందుకని అడిగేలోగా లైను తెగిపోయింది.

షాపుకు తిరిగొచ్చాక దయాకర్ పాత కమ్మీలు విప్పి పొట్టివి బిగించాడు. సీటు దించాడు. కల్పలత టీ తెచ్చి, లోపలి నుంచి లావుపాటి ఉన్ని చేతి తొడుగులు కూడా తెచ్చింది. అవి దయాకర్ సైన్యం నుంచి తెచ్చుకున్నవి. భానుప్రియకు మోచేతి దాకా వచ్చాయి. అవి వేసుకుని బ్రేకు అందుకోమన్నాడు దయాకర్. అందలేదు. బ్రేకు కమ్మీ దగ్గర ఉన్న చిన్న మరను తిప్పుతూ, అందిందా అని అడుగుతూ, మళ్లీ తిప్పుతూ పోయాడు. ఐదోసారికి రెండు వేళ్లు వంగి బ్రేకును పట్టుకున్నాయి. ముందు చక్రం ఆగింది. చేతులు చిన్నవైనవాళ్లు దిగుడులో పడేది ఇక్కడేనని, దీన్ని ఎవరూ చూసుకోరని ఆయన అన్నాడు.

కల్పలత ఒక కొత్త చీటీ తెచ్చి పెన్ను అందించింది. పేరు రాయి, కొలతలు సుత నువ్వే రాయి అంది. భానుప్రియ ఉన్ని చేతి తొడుగులు తీసి రాసింది. నాలుగడుగుల పది. లోపలి కాలు ఇరవై ఏడు. ఫ్రేము పద్నాలుగు. తన చేతి రాత ఆమెకే కుదురుగా కనిపించింది. చీటీ ఇంకా కట్టలేదు. వరహాలబాబు మాట గుర్తుంది. ఆయన రాగానే ఈ సైకిలు చూపించాలి, ఇసుకలో నిలబడిన సంగతి చెప్పాలి. తిట్టినా పడాలి. ఆఫీసులో మిగతా ఇద్దరికీ సోమవారం తానే నోటితో చెప్పాలి. అలా వరుస పెట్టుకున్నాక వారం రోజులుగా లేని ఆకలి వేసింది. కల్పలత పెట్టిన రెండు ఉస్మానియా బిస్కెట్లు టీలో ముంచుకుని తింది.

బయట స్కూటీ ఆగింది. వరహాలబాబే అనుకుని ఆమె లేచింది. కాదు. యాభై దాటిన ఒక స్త్రీ హెల్మెట్ తీస్తూ లోపలికి వచ్చింది. నెరిసిన జుట్టు చెవుల దాకా కత్తిరించి ఉంది. ట్రాక్ ప్యాంటు, పాతదైనా శుభ్రంగా ఉన్న స్పోర్ట్స్ బూట్లు. ఎత్తు ఇంచుమించు భానుప్రియ అంతే. బొల్లారంలో ఉంటానని, పేరు ఎమిలీ అని, ముప్పై ఏళ్లు స్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పి మొన్న జూన్‌లో రిటైరయ్యానని ఆమె గడగడా చెప్పేసింది. చెప్తూనే ఆకుపచ్చ సైకిలు దగ్గరికి నడిచింది. దాని హ్యాండిలు మీద చెయ్యి వేసి, రాడ్డు వాలిన తీరు చూసేసరికి ఆమె మొహం వెలిగిపోయింది.

"ఇదే కదండీ? నా హైటుకు సిటీ మొత్తం మీద ఒక్కటే ఉందని చెప్పారు. నిజంగానే బాగుంది."

ఎవరు చెప్పారని దయాకర్ అడిగాడు.

"వరహాలబాబు గారు. ఆయనా నేనూ ఆదివారాలు ఒకే గుంపులో తొక్కుతాం. గురువారం ఫోన్ చేశారు. స్పితి జట్టులో ఒక సీటు ఖాళీ అవుతోంది టీచర్, వస్తారా అని అడిగారు." ఎమిలీ నవ్వింది. సిగ్గుపడే నవ్వు అది. "ముప్పై ఏళ్లు విజిల్ ఊది పిల్లల్ని ఎక్కడెక్కడికో పంపించానండీ. నన్ను ఎవరైనా రమ్మనడం ఇదే మొదటిసారి."

 కల్పలత ఖాళీ గ్లాసులు పట్టుకుని నిలబడిపోయింది. గురువారం అంటే మొన్న. తాను ఫోన్‌లో నిజం చెప్పి ఇంకా గంట కాలేదు. రెండు రోజుల ముందే తన సీటు ఖాళీ అని ఆయనకెలా తెలిసిందో భానుప్రియకు అర్థం కాలేదు. తన చెయ్యి ఇంకా సైకిలు సీటు మీదే ఉందని అప్పుడు గమనించింది. తీయబోయి తీయలేదు.

ఎమిలీ అప్పటికి ఆమెను సరిగ్గా చూసింది. ఎత్తు చూసింది. సీటు మీది చెయ్యి చూసింది. బల్ల మీద ఆరుతున్న చీటీ చూసింది. ముఖంలో వెలుగు మెల్లగా తగ్గింది. హ్యాండిలు మాత్రం ఆమె కూడా వదల్లేదు.

"నువ్వు కూడా దీని కోసమే వచ్చావామ్మా?" అని అడిగింది మెత్తగా.

సందులో కారు తలుపు పడ్డ చప్పుడైంది. వరహాలబాబు గుమ్మంలోకి వచ్చి, సైకిలుకు అటూ ఇటూ నిలబడి ఉన్న ఇద్దరినీ చూసి, మెట్టు మీదే ఆగిపోయాడు. ఆయన చేతిలో మడత పెట్టిన కాగితం ఒకటి ఉంది. ఆఫీసు ముద్ర పైకే కనిపిస్తోంది.

"టీచర్, మీరు కాసేపు కూర్చోండి" అన్నాడు. తర్వాత భానుప్రియ వైపు తిరిగాడు. "నువ్వు అబద్ధం రాశావని నాకు ఇవాళే తెలిసిందమ్మా. నిన్ను జట్టులోంచి తీసింది దానికి కాదు. తీయించింది నేనూ కాదు."

ఆయన కాగితం చాపాడు. భానుప్రియ మడత విప్పింది. తనను స్పితికి పంపవద్దని కోరుతూ ఆఫీసుకు అందిన ఉత్తరం అది. కింద ఉన్న సంతకం తన తండ్రి పైడిబాబుది.